తా దూర సందు లేదు: పాత కంప్యూటరులో లినక్సు కాపురం

పోయిన నెల ఇంటి జమాఖర్చులు కంప్యూటరులో వ్రాసుకొనే పద్ధతిని గురించి ముచ్చటించాను గదా. దానికి వచ్చిన ఉత్తరాలలో సగానికి పైగా ఒకే మాట చెప్పాయి. పద్ధతి బాగానే ఉన్నదట గాని, కంప్యూటరు తెరుచుకొనేలోగా కాఫీ కాచుకొని, త్రాగి, లోటా కడిగి బోర్లించి రావచ్చునట. జయనగరం నుంచి ఒక సోదరి ఇలా వ్రాశారు: “మా పెద్దవాడు 2013లో ఇంజనీరింగులో చేరినప్పుడు కొన్న ల్యాప్‌టాపండీ. వాడు ఉద్యోగానికి పోయాడు, పెట్టె మాకు మిగిలింది. బాగుచేసే కుర్రవాడు, ఇంక దీన్ని గుజిరీకి వేసెయ్యండమ్మా అంటున్నాడు. చిన్నపిల్ల పదో తరగతి. కొత్తది కొనే స్తోమత ఈ సంవత్సరం లేదు. ఏం చెయ్యమంటారు?”

ఇదే చిక్కు మన సమాజానికీ వచ్చిపడింది. పఠనమందిరంలో దాతలు ఇచ్చిన కంప్యూటర్లు మూడున్నాయి. రెండింటికి 2 గిగాబైట్ల మెమరీ, మూడోదానికి ఒకటే. సాయంత్రం ఆరయ్యేసరికి వాటి దగ్గర పిల్లలు కూర్చుంటారు. ఇంట్లో కంప్యూటరు లేని పిల్లలు. మన వీధిలో ఇస్త్రీబండి పెట్టుకొన్న ఆయన కూతురు వాళ్ళలో ఒకతె. కార్యవర్గంలో కొందరు, ఈ మూడింటినీ తూకానికి అమ్మి, పుస్తకాల నిధిలోంచి డబ్బు తీసి కొత్తది ఒక్కటి కొందామన్నారు. మూడింటి స్థానే ఒకటి వస్తే ఇద్దరు పిల్లలు లేచిపోవాలి. పుస్తకాల నిధి పుస్తకాలకు కాకుండా పోతుంది. అందువల్ల, తీర్మానం ఒక నెల వాయిదా వెయ్యండని మనవి చేసుకొన్నాను. ఆ నెలలో తెలుసుకొన్నదే ఈ నెల వ్యాసం.

ముందు ఒక సంగతి. మైక్రోసాఫ్టు కంపెనీ విండోసు 10కి ఉచితంగా ఇచ్చే మామూలు మరమ్మతులను 2025 అక్టోబరు 14తో నిలిపివేసింది. దాని తరువాతిదైన విండోసు 11కు కనీసం 4 గిగాబైట్ల మెమరీ, టి.పి.యం. 2.0 అనే రక్షణ చిప్పు ఉండాలన్నారు. మన పాత పెట్టెల్లో చాలావాటికి ఈ రెండోది లేదు. కాబట్టి పెట్టె చెడకపోయినా చెడినట్లే లెక్క వేసి గుజిరీ వాళ్ళకు అప్పగిస్తున్నారు. లినక్సు వేసుకొంటే ఈ గడువు బాధ ఉండదు, వెల కూడా లేదు. అయితే “లినక్సు వేస్తే చాలు, గుర్రంలా పరుగెడుతుంది” అని చెప్పేవారి మాట సగమే నమ్మండి. లినక్సు వేసిన తరువాత కూడా మా పఠనమందిరం పెట్టెలు నత్తల్లాగే నడిచాయి. ఎందువల్లనో తెలిస్తే గాని మందు దొరకదు.

నాకు తెలిసిన ఉపమానం ఆఫీసుదే. గుమాస్తా ముందు బల్ల ఉంటుంది, వెనుక మేడమీద రికార్డు గది ఉంటుంది. మెమరీ అనేది బల్ల. డిస్కు అనేది రికార్డు గది. పని జరిగేది బల్లమీదనే. బల్ల చిన్నదై, ఫైళ్ళు ఎక్కువైతే ఏమవుతుంది? ఇప్పుడు అక్కరలేని ఫైలును బంట్రోతు చేతికిచ్చి మేడమీదికి పంపి, అక్కరైనదాన్ని తెప్పించుకోవాలి. రోజుకు రెండుసార్లయితే ఫరవాలేదు. ప్రతి సంతకానికీ మేడ ఎక్కి దిగవలసివస్తే గుమాస్తా ఎంత చురుకైనవాడైనా పని సాగదు. కంప్యూటరులో ఈ ఎక్కిదిగడాన్నే స్వాపింగు అంటారు. పాత పెట్టెల్లో తిరుగుడు డిస్కు ఉంటుంది గనుక ఆ బంట్రోతు ముసలివాడు కూడాను. పెట్టె గురగురమంటూ, ఎర్రదీపం ఆరకుండా వెలుగుతూ, బాణపుగుర్తు కదలకుండా ఉన్నదంటే తప్పు గుమాస్తాది కాదు, బల్లది.

కనుక మొదట బల్ల కొలవండి. లినక్సులో టెర్మినలు అనే నల్లతెర తెరచి, ఫ్రీ అనే మాటను ఎఫ్, ఆర్, ఇ, ఇ అని ఇంగ్లీషు చిన్నక్షరాలతో కొట్టి, కొంచెం ఖాళీ విడిచి, ఒక అడ్డగీత, దానికి తగిలించి హెచ్ అనే అక్షరం కొట్టి ఎంటరు నొక్కండి. ఒక పట్టీ వస్తుంది. అందులో ‘ఫ్రీ’ అనే గడిలో అంకె తక్కువగా ఉన్నదని కంగారు పడకూడదు. ఊరికే ఉన్న మెమరీని లినక్సు ఊరికే ఉంచదు. ఇటీవల చదివిన ఫైళ్ళను అక్కడ పెట్టుకొని, అవసరమైనప్పుడు వెంటనే ఖాళీ చేసి ఇస్తుంది. చూడవలసింది చివర ఉండే ‘అవైలబుల్’ గడి. దాని కింద స్వాపు వరసలో ఎంత వాడకంలో ఉన్నదో చూడండి. అవైలబుల్ అడుగంటి, స్వాపు పెరుగుతూ ఉంటే మన రోగం ఇదే. అవైలబుల్ బాగానే ఉండీ పెట్టె నెమ్మదిగా ఉంటే రోగం వేరు: డిస్కు చెడుతూ ఉండవచ్చు, లోపలి ఫ్యానులో దుమ్ము పట్టి వేడెక్కుతూ ఉండవచ్చు. ఆ జబ్బుకు ఈ మందు వెయ్యకండి.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. లినక్సును 1991లో ఫిన్లాండులో హెల్సింకి విశ్వవిద్యాలయపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తన సొంత పెట్టెమీద వ్రాశాడు. ఆ పెట్టె మెమరీ మొత్తం 4 మెగాబైట్లు. ఈనాటి ఒక పెళ్ళి ఫోటో పట్టనంత. ఆ సంవత్సరం డిసెంబరులో జర్మనీనుంచి ఒక ఆయన, నా దగ్గర 2 మెగాబైట్లే ఉన్నాయి, నీ లినక్సును నా పెట్టెలో తయారుచేసుకోలేకపోతున్నాను అని మొరపెట్టుకొన్నాడు. క్రిస్మసు సెలవుల్లో కూర్చుని టోర్వాల్డ్స్, బల్లమీద పట్టనిదాన్ని డిస్కుకు పంపే ఏర్పాటు వ్రాసిపెట్టాడు. అంటే ఇరుకింటివాడి బాధ వినడమన్నది లినక్సుకు పుట్టిన ఏడాదినుంచీ అలవాటే.

మన ఊళ్ళోనూ ఆ కథ ఉన్నది. పాతకాలపు బెంగుళూరువాళ్ళం ఇప్పటికీ టాటా ఇన్‌స్టిట్యూటు అని పిలుచుకొనే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సు ఆచార్యులు కొందరు, ఎన్‌కోర్ సాఫ్ట్‌వేరు అనే ఇక్కడి సంస్థవారు కలిసి సింప్యూటరు అనే చేతి కంప్యూటరును తయారుచేసి 2001లో చూపించారు. చదువురానివారూ వాడుకోగలగాలి, పల్లెలో ఒక్కదాన్ని పదిమంది పంచుకోగలగాలి అని వారి ఆశయం. ఎవరి వివరాలు వారివిగా ఉండేందుకు స్మార్టు కార్డు పెట్టుకొనే చోటు కూడా అమర్చారు. దానిలో నడిచింది లినక్సే. మెమరీ 64 మెగాబైట్లకు మించదు. 2004లో భారత్ ఎలక్ట్రానిక్సువారు, జాలహళ్ళిలో ఉన్న మన బి.ఇ.ఎల్.వారే, దాన్ని అమీడా అనే పేరుతో విపణిలోకి తెచ్చారు. అనుకొన్నంతగా చెల్లలేదు. తరువాత చేతి ఫోన్లు వచ్చి ఆ స్థలాన్ని ఆక్రమించాయి. ఓడిపోయిన వస్తువని ఇప్పుడెవరూ తలచుకోరు గాని, నాకు దానిమీద గౌరవం. 64 మెగాబైట్లలో లినక్సును ఇమిడ్చినవారు ఏ మంత్రమూ వెయ్యలేదు. ఆ పనికి అక్కరలేనిదాన్ని లోపలికి రానివ్వలేదు, అంతే. పఠనమందిరం పెట్టెలకూ ఆ దారే పట్టాను.

మొదటిది డెస్క్‌టాపు. లినక్సు అంటే ఒకటే రూపం కాదు. లోపలి యంత్రం ఒకటే అయినా పైన వేసుకొనే వేషాలు చాలా. గ్నోము అనే వేషం చూడముచ్చటగా ఉంటుంది, కాని ఏ పనీ మొదలుపెట్టకముందే ఒక గిగాబైటు చుట్టుపట్ల తినేస్తుంది. 2 గిగాబైట్ల పెట్టెకు అది తా దూర సందు లేదు, మెడకో డోలు అన్నట్లే. ఎక్స్-ఎఫ్-సి-ఇ, ఎల్-ఎక్స్-క్యూ-టి అనే రెండు తేలిక వేషాలున్నాయి. సుమారు అందులో సగంతో సరిపెట్టుకొంటాయి. కొత్తగా వేసుకొనేవారికి లుబుంటు గాని, డెబియనులో ఎల్-ఎక్స్-క్యూ-టి గాని చాలును. ఒక్క గిగాబైటే ఉన్నవారు యాంటిక్స్ అనేదాన్ని చూడండి. అందంలో వెనకబడి ఉంటుంది, తిండి మరీ తక్కువ.

రెండోది, పెట్టె తెరవగానే పిలవని పేరంటంగా వచ్చి కూర్చొనే కార్యక్రమాలు. సెట్టింగుల్లో స్టార్టప్పు అనే పట్టిక ఉంటుంది. బ్లూటూతు లేని పెట్టెలో బ్లూటూతు సేవ, ప్రింటరు లేని ఇంట్లో ప్రింటరు సేవ, రోజంతా ఫైళ్ళను వెదికి సూచిక వ్రాసుకొనే సేవ, ఇలాంటివి ఉంటాయి. ఏమిటో తెలియనిదాన్ని మాత్రం ముట్టుకోవద్దు. తెలిసినవి నాలుగు తీసేస్తే చాలు. దీనివల్ల కలిగే లాభం చెప్పుకొనేంత గొప్పది కాదు గాని, పెట్టె తెరుచుకొనే సమయం తగ్గుతుంది.

అసలు తిండిపోతు ఇవేవీ కాదు, బ్రౌజరు. లినక్సును ఎంత చిక్కబట్టినా పది పుటలు ఒకేసారి తెరచిపెట్టుకొంటే 2 గిగాబైట్లు ఏనుగు దాహానికి చూరునీళ్ళే. ఈనాటి వార్తాపత్రిక పుట ఒకటి తెరిస్తే అందులో వార్త ఒక మూల, ప్రకటనలూ కదిలే బొమ్మలూ మూడు మూలలు. ప్రకటనలను లోపలికి రానివ్వని యూబ్లాక్ ఆరిజిన్ అనే ఉచితపు పొడిగింపును ఫైర్‌ఫాక్సులో తగిలించండి. మెమరీయే గాక నెట్టు ఖర్చూ కలిసివస్తుంది. పిల్లలకు ఒక నియమం పెట్టాను: ఒక్కసారి మూడు పుటలకు మించి తెరవరాదు. పాఠం వీడియోను తక్కువ నాణ్యతలో చూడాలి. ఆ ఇస్త్రీబండి ఆయన కూతురు మొదటిరోజే అడిగింది, “అంకుల్, మూసిన పుట మళ్ళీ కావాలంటే?” అని. చిరునామాను గుర్తుపెట్టుకొనే బుక్‌మార్కు చూపించాను. మర్నాటికి తక్కినవాళ్ళకు తనే నేర్పింది.

ఇంత చేసినా బల్ల ఇంకా చాలకపోతే జెడ్‌రామ్ అనే ఉపాయం ఉన్నది. ఇది నాకు మిక్కిలి నచ్చింది. ఫైళ్ళను మేడమీదికి పంపడానికి బదులు గట్టిగా నొక్కి, నాడాతో బిగించి, బల్ల సొరుగులోనే పెట్టుకోవడం. కట్ట విప్పడానికి క్షణం పడుతుంది, కాని మేడ ఎక్కి దిగడం తప్పుతుంది. సామాన్యంగా రెండు మూడు పాళ్ళ సరుకు ఒక పాలు చోటులో ఇముడుతుంది. దీన్ని మొదట కంప్‌క్యాష్ అనే పేరుతో వ్రాసినవాడు నితిన్ గుప్తా. 2014లో వచ్చిన 3.14వ లినక్సు కెర్నెలులో అది పూర్తిస్థాయి సభ్యత్వం పొందింది. 2020లో ఫెడోరా 33వారు దాన్ని అందరికీ మొదటినుంచీ అమర్చి ఇచ్చారు. డెబియను, ఉబుంటు, లుబుంటులలో జెడ్‌రామ్ టూల్సు అనే ప్యాకేజీని మనమే వేసుకోవాలి. దాని అమరిక ఫైలులో పర్సెంటు అనే చోట 50 అని వ్రాస్తే, సొరుగులోకి వెళ్ళే సరుకు పరిమాణం మొత్తం మెమరీలో సగం వరకు ఉండవచ్చునని అర్థం. డిస్కుమీది స్వాపును కూడా తీసెయ్యకండి. సొరుగు నిండినప్పుడు అది ఆఖరి ఆధారం. జెడ్‌స్వాప్ అని ఇలాంటిదే మరొకటి ఉన్నది. రెండింటినీ ఒకేసారి పెట్టుకోవడం మాత్రం అనవసరపు పేచీ.

స్వాపీనెస్ అనే అంకె గురించి కూడా రెండు మాటలు. బల్లమీది సరుకును ఎంత తొందరగా బయటికి పంపాలో చెప్పే అంకె అది. మామూలుగా 60 ఉంటుంది. దాన్ని 10 చెయ్యండని ప్రతివారూ ప్రతివారికీ చెబుతారు. బంట్రోతు ముసలివాడైనప్పుడు, అంటే స్వాపు తిరుగుడు డిస్కుమీద ఉన్నప్పుడు, ఆ సలహాలో అర్థమున్నది. జెడ్‌రామ్ పెట్టుకొన్నాక సొరుగు దగ్గరలోనే ఉన్నది గదా, అప్పుడు 100కు పెంచడమే సబబు. మేము అలాగే పెట్టాము. ఎవరో చెప్పారని 10 వేసి సొరుగును ఖాళీగా ఉంచుకొన్నవారిని చూశాను.

మెమరీని క్షణంలో శుభ్రం చేస్తామనే చిట్కాలు కొన్ని తిరుగుతున్నాయి. లినక్సు దాచుకొన్న ఫైళ్ళను బలవంతంగా పారబోసే ఆజ్ఞ ఒకటి ఇస్తారు. పట్టీలో ఖాళీ అంకె పెద్దదవుతుంది, చూసేవాడికి సంతోషం కలుగుతుంది, ఆ ఫైళ్ళన్నీ మళ్ళీ డిస్కునుంచి తెచ్చుకోవలసివచ్చి పెట్టె ఇంకా కుంటుతుంది. వాటి జోలికి పోకండి.

డబ్బు ఖర్చు పెట్టవలసివస్తే ఎక్కడ పెట్టాలి? మెమరీ పట్టీ వెయ్యడానికి ఖాళీ గది ఉంటే ముందు అక్కడ. లేకుంటే తిరుగుడు డిస్కు తీసి ఎస్.ఎస్.డి. వేయించడం. ముసలి బంట్రోతు స్థానంలో యువకుణ్ణి పెట్టినట్లు. మన సర్దార్ పాత్రప్ప రోడ్డులో, అదే ఎస్.పి. రోడ్డులో, వాడిన మెమరీ పట్టీలు దొరుకుతాయి. అయితే డి.డి.ఆర్. 2, డి.డి.ఆర్. 3 అని జాతులున్నాయి, ఒకదాని గదిలో మరొకటి కూర్చోదు. ల్యాప్‌టాపు పట్టీ పొట్టిది, బల్లమీది కంప్యూటరు పట్టీ పొడుగుది. అందుచేత పెట్టెనే చంకన పెట్టుకొని వెళ్ళి, అక్కడే బిగించి, తెరపై అంకె పెరిగిందో లేదో చూసి మరీ డబ్బివ్వండి. మేము ఒక పెట్టెకు 2 గిగాబైట్ల పట్టీ అలాగే తెచ్చాము. దానికి డబ్బు పుస్తకాల నిధినుంచి తీయలేదు, పాత వార్తాపత్రికలు అమ్మగా వచ్చినదానికి కొంత చందా కలిసింది.

లినక్సుకు మారకూడనివారూ ఉన్నారు. ట్యాలీలో లెక్కలు వ్రాసేవారు, పేజిమేకరులో అను ఫాంట్లతో తెలుగు అచ్చుకూర్పు చేసేవారు విండోసును వదలలేరు. మన పత్రిక అచ్చయ్యే ప్రెస్సు కూడా ఆ కోవలోదే. అలాంటి పెట్టెను నెట్టుకు తగిలించకుండా ఆ పనికే ఉంచుకోవడం మంచిది. ఇంట్లో ఉత్తరాలు వ్రాసుకోవడానికి మాత్రం లినక్సులో తెలుగు చక్కగానే ఉన్నది. ఐబస్ అనే ఏర్పాటులో ఇన్‌స్క్రిప్టు గాని, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్.టి.ఎస్. గాని ఎంచుకోవచ్చు. ఈ ఆర్.టి.ఎస్. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకొన్న తెలుగు విద్యార్థుల చలవ, దానిలో ఆర్ అనే అక్షరం రైస్‌దే. మెమరీకి ఇదేమంత భారం కాదు.

ఇంక మా మూడు పెట్టెల సంగతి. 4 గిగాబైట్లయిన పెట్టె వేగంలో ఇప్పుడు ఎవరికీ ఫిర్యాదు లేదు. జెడ్‌రామ్ మాత్రమే పెట్టిన 2 గిగాబైట్లది మూడు పుటల నియమంతో సాగుతున్నది. నాలుగో పుట తెరిస్తే అలుగుతుంది. మూడోది ఆటం ఎన్ 270 ప్రాసెసరుతో ఉన్న చిన్న ల్యాప్‌టాపు. ఆ ప్రాసెసరు 32 బిట్లది. ఉబుంటువారు ఆ జాతికి కొత్త లినక్సు ఇవ్వడం 2019లోనే మానుకొన్నారు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియను 13లో కూడా దానికి ఇన్‌స్టాలరు లేదు. దాన్ని పిల్లలకు ఇచ్చి లాభంలేదని నేనే కార్యవర్గానికి చెప్పాను. నెట్టు తీసేసి, యాంటిక్స్ వేసి, గ్రంథాలయ పుస్తకాల పట్టిక వ్రాసుకోవడానికి బీరువా పక్కన పెట్టాము. పాత రిజిస్టరులోని పుస్తకాలు సగం దాకా ఎక్కాయి. తూకానికి వెయ్యాలన్న తీర్మానం వీగిపోలేదు, మరో ఆరు నెలలకు వాయిదా పడింది. కోశాధికారిగారు జాగ్రత్తపరులు.

జయనగరం సోదరికి నా జవాబు. పెట్టెను గుజిరీకి వెయ్యవద్దు. మీ అబ్బాయి ఫోటోలూ, సర్టిఫికెట్ల నకళ్ళూ ముందు వేరే డిస్కులోకి ఎక్కించి, అవి తెరుచుకొంటున్నాయో లేదో ఇంకొక కంప్యూటరులో చూసుకోండి. లినక్సు వేస్తే పాతదంతా చెరిగిపోవచ్చు, తరువాత ఎవరూ తెచ్చిపెట్టలేరు. అది అయిన తరువాత పెన్‌డ్రైవులో లినక్సు ఎక్కించి, డిస్కును ముట్టుకోకుండా దానినుంచే ఒక పూట నడిపి చూడండి. వైఫై, శబ్దం, కెమెరా పనిచేస్తున్నాయా అని అప్పుడే తెలుస్తుంది. పెన్‌డ్రైవునుంచి నడిచేది కొంచెం నెమ్మదే, దానితో వేగాన్ని అంచనా కట్టకండి. పెన్‌డ్రైవు తయారుచేయడం కష్టమనిపిస్తే, ఆదివారం పదిగంటలకు పెట్టెనూ చార్జరునూ తీసుకొని పఠనమందిరానికి రండి. అమ్మాయిని కూడా తీసుకురండి.